మేడమ్ తవ్వనివ్వని పునాది

మా మేడమ్ పోయారని విజయనగరం నుంచి ఫోను వచ్చేసరికి నేను శ్రీకాకుళం తీరాన ఒక మత్స్యకారుల ఊళ్ళో, తుఫాను షెల్టరు శ్లాబుకి సెంట్రింగు చూస్తున్నాను. ఇంజనీరింగు కాలేజీలో నాకు పాఠం చెప్పి, రిటైరయ్యాక ఈ షెల్టరుని నెత్తిన వేసుకున్నారావిడ. ఏడ్చాను. ఏడుస్తూనే సెంట్రింగు కర్రలు సరిచూసుకున్నాను. పని మధ్యలో వదిలేస్తే ఆవిడ ఊరుకునేవారు కాదు.

పాత షెల్టరు పైభాగం గాలివానకి కూలింది. అంతా పెళ్ళగించి కొత్త పునాది వేద్దామన్నారు అందరూ. అలా చేస్తే తుఫాన్ల కాలానికి కట్టడం అవదు, ఊరికి తలదాచుకునే చోటుండదు. మేడమ్ పాత పునాదే వాడదామన్నారు.

"కూలిపోయినదాని మీద మళ్ళీ కడతారేటమ్మా?" అని చేపలమ్మే ముసలమ్మ ఒకావిడ అడ్డం తిరిగింది.

"తల పగిలితే డాక్టరు కాళ్ళు కూడా తీసేస్తాడేటి? ముందు కాళ్ళెలాగున్నాయో సూద్దుం" అన్నారు మేడమ్. ఊళ్ళోకొస్తే ఆవిడ నోట కాలేజీ భాష ఉండేది కాదు.

పునాది పొడుగునా సెన్సర్లు పెట్టించారు. వెంట్రుకవాసి కుంగినా, ఒరిగినా ఫోనులో గీత కదులుతుంది. కొత్త కట్టడమంత బరువు పునాది మోస్తుందో లేదో చూడ్డానికి, ఊరివాళ్ళే తడి ఇసుక బస్తాలు మోసి దాని మీద పేర్చారు. ఒక చేత్తో ఫోను పట్టుకుని, రెండో అరచెయ్యి రాతి మీద ఆనించి నిలబడడం ఆవిడ అలవాటు. గీత తిన్నగా ఉందని నేను సంబరపడితే, "కొత్త కోడలు మొదటి వారం మెత్తగానే మాటాడతాదే. వానలు పడనీ" అన్నారు.

వానలు పడ్డాయి. సముద్రం వైపు మూల గీత కిందికి దిగింది. సెన్సరు పాడై ఉంటుందన్నాడు కాంట్రాక్టరు. అప్పటికి మేడమ్ ఆస్పత్రిలో ఉన్నారు. ఆ మాటే ఫోనులో చెప్పాను.

"ఒసే, మనకి నచ్చని మాట సెప్పిందని సాక్షిదే తప్పంటావేటి? పని ఆపు. ఆ మూల తవ్వి సూడు."

తవ్వితే, బోరింగు దగ్గర వాడిన నీళ్ళు, వాన నీళ్ళతో కలిసి, కాలువ లేక అటే ఇంకి మట్టిని కోసేస్తున్నాయి. నీళ్ళు మళ్ళించి ఆ మూలని గట్టి చేశాం. గీత నిలిచేదాకా ఒక్క ఇటుక పెట్టనివ్వలేదావిడ. పాతదని మోజు కాదు. పునాది పనికిరాదని తేలి ఉంటే మొదటి గునపం పోటు తనే వేసేవారు. పాఠాల కంటే ఈ మొండి ఓపిక నేర్పినందుకు ఆవిడకి రుణపడి ఉన్నాను.

దహనమయ్యాక ఊరికి తిరిగొస్తే, ముసలమ్మ షెల్టరు మెట్టు మీద కూర్చుని ఉంది.

"అమ్మ పోనాది. ఇంక ఆ ఫోను ఎవులు సూస్తారు?"

"నేను చూస్తాను. శ్లాబు అనుకున్న రోజే వేస్తాం."

"పనైపోతే నువ్వూ ఎలిపోతావు. నాకూ నేర్పు."

నేర్పాను. శ్లాబు అనుకున్న రోజే వేశాం.

సెంట్రింగు విప్పిన వారానికే వాయుగుండం పట్టింది. ఊరు ఊరంతా పిల్లాజెల్లాతో షెల్టరులోకి చేరింది. గుమ్మం పక్కన ముసలమ్మ, మనవరాలి ఫోను ముఖానికి దగ్గరగా పెట్టుకుని సముద్రం మూల గీతనే చూస్తోంది. రెండో అరచెయ్యి గచ్చు మీద ఆనించి ఉంది.