గోడదే తప్పు

మా పిన్ని పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ ఒక్క తప్పు కూడా చేయలేదు. ఈ మాట ఎవరో అన్నది కాదు, ఆవిడే చెబుతుంది. పాలు పొంగితే పొయ్యిది తప్పు. రైలు తప్పిపోతే, అది తొందరపడింది.

మాజీ సైనికుల ఆసుపత్రిలో ఆవిడ మానసిక వైద్యురాలు, నేను నర్సుని. మందులూ మాటలతో పాటు పిన్ని వైద్యంలో వీడియో గేములు కూడా ఉండేవి.

"ఇది ఆసుపత్రా, ఆటస్థలమా?" అని పెద్ద డాక్టరు విసుక్కునేవాడు.

"ఏడుపు వినిపిస్తేనే ఆసుపత్రా?" అని ఈవిడ ఎదురడిగేది.

అక్కడికొక డ్రైవరు వచ్చేవాడు. సైన్యంలో లారీ నడిపిన మనిషి. ఒక మలుపులో మందుపాతర పేలి, పక్క సీట్లోని స్నేహితుడు పోయాడు. అప్పట్నుంచీ ఆయన బండెక్కలేదు. దారిలో మలుపుందని ఊరి చివరున్న చెల్లెలింటికీ వెళ్ళలేదు. ఆసుపత్రికి నడిచే వచ్చేవాడు, వచ్చినా నోరు విప్పేవాడు కాదు.

పిన్ని బల్లకు స్టీరింగు బిగించి లారీ ఆట పెట్టింది. ఆయన ముట్టుకోలేదు. సరేనని తనే నడిపి, నేరుగా గోడను గుద్దింది.

"గోడ అడ్డొచ్చిందండీ."

ఇంకోసారి లారీని చెరువులో దింపింది. "దానికి దాహమేసినట్టుంది."

డ్రైవరు పళ్ళు నూరేవాడు. ఓరోజు పిన్ని కొండమీంచి రివర్సులో దిగుతుంటే ఇక ఓర్చుకోలేకపోయాడు.

"అమ్మా తల్లీ! బండి ఉసురు పోసుకోకండి. లేవండి!"

స్టీరింగు ముందు కూర్చుని చక్కగా నడిపాడు. మలుపు రాగానే స్టీరింగు వదిలేశాడు, చొక్కా చెమటతో తడిసిపోయింది.

"ఆపేద్దామా?" అంది పిన్ని మెల్లగా.

"ఆపండి... అచ్చం ఇలాంటి మలుపే. వాడు పాట పాడుతున్నాడు..."

ఆ కథంతా మొదటిసారి చెప్పాడు. మాటకు మాట అప్పజెప్పే మా పిన్ని కుర్చీ ఆయన దగ్గరికి జరుపుకుని విన్నది. తెరమీది ఆ మలుపు దాటడానికి ఆయనకు వారాలు పట్టింది.

అంతలో పెద్ద డాక్టరు ఆటగదికి తాళం వేస్తానన్నాడు.

"వేసుకోండి. వరండాలో ఆడతాం. అక్కడా వద్దంటే మీ గదిలోకొస్తాం!" అంది పిన్ని.

"ఇన్నాళ్ళూ ఆడి సాధించిందేమిటి?"

డ్రైవరు లేచి నిలబడ్డాడు. "రేపు కారులో మా చెల్లెలింటికి వెళ్తాను. మీరూ రండి."

"తొందరేం లేదండీ," అంది పిన్ని కంగారుగా.

"నాకుంది."

మర్నాడు పిన్ని కారు తీసింది. ముందు సీట్లో ఆయన, వెనక నేనూ పెద్ద డాక్టరూ. నిండు గిన్నె ఒళ్ళో పెట్టుకున్నా చుక్క తొణకదు, అంత నిదానంగా నడిపింది. ఊరి చివరి మలుపు ముందు వేగం తగ్గించి ఆయన వైపు చూసింది. ఆయన తలుపు పిడి బిగించి పట్టుకున్నాడు. పెదవులు తెల్లబడ్డాయి.

"పోనివ్వండి," అన్నాడు.

దాటాం.

ఊపిరి కుదుటపడ్డాక పిన్నిని ఎగాదిగా చూశాడు. "డాక్టరమ్మా, ఇంత బాగా నడిపే మనిషి ఇన్నాళ్ళూ గోడల్నెందుకు గుద్దారు?"

పిన్ని హారను కొట్టింది.

"అంటే అదంతా నాటకమా?" అని పెద్ద డాక్టరు ముందుకు వంగాడు.

డ్రైవరు వెనక్కి తిరిగాడు. "ముందు మీరు బెల్టు పెట్టుకోండి సార్. మా డాక్టరమ్మనేమైనా అన్నారో, ఇక్కడే దించేస్తాం."