గౌస్‌బీ పంచలో తేలిన మట్టి లెక్క

గుమ్మఘట్టకు రెండు కోసుల దూరంలోని ఆ ఊళ్లో గౌస్‌బీ పేరెత్తితే ఈనాటికీ పెద్దవాళ్లు సర్దుకుని కూర్చుంటారు. ఆమె మట్టి మిద్దెలు వేసే రసూల్ సాబ్ కూతురు. బడి గడప తొక్కిన మనిషి కాదు. పని దగ్గర తండ్రి తడిమట్టి మీద పుల్లతో గీసి చూపిన అక్షరాలే ఆమె చదువు. ఆ చదువుతోనే కూతురు జైతూన్‌బీనీ, కొడుకు నూర్ అహమ్మద్‌నూ ఇంటి పంచలో కూర్చోబెట్టి నేర్పింది. ఇరుగుపొరుగు పిల్లలు ఇంకో ఐదుగురు చేరారు. ఆ ఏడుగురిలో పరీక్ష తప్పినవాళ్లు ఒక్కరూ లేరు. జైతూన్‌బీ ప్రైవేటుగా కట్టి ఎనిమిదో తరగతి గట్టెక్కి, టీచరు ట్రైనింగుకు పోయింది. చుట్టుపక్కల ఏ ఆడపిల్లా అంతకుముందు పోలేదు. నూర్ అహమ్మద్ కాలవల శాఖలో ఓవర్సీరయ్యాడు. పొరుగింటి సుంకప్ప కొడుకు పోస్టుమాస్టరయ్యాడు.

అవన్నీ తర్వాతి ముచ్చట్లు. 1958లో మాత్రం ఊరంతా ఆమెను చూసి నవ్వింది.

మూడేళ్లుగా వానల్లేవు. అయినా ఏటా మృగశిర కార్తె ముందు మిద్దెల మీద కొత్త చౌడు పరచడం మానలేదు ఎవరూ. నీళ్లు కిందికి దిగకుండా పరిచే ఉప్పుమట్టి అది. వానలున్న ఏడాది పాత చౌడు సగం కొట్టుకుపోతుంది, కొత్తది దాని చోటుకు వస్తుంది. వానే లేకపోతే పాతది ఎక్కడికి పోతుంది? దాన్ని గీకి పారేయాలని ఎవరికీ తోచలేదు. చౌడు వేయకపోతే వాన అలుగుతుందని భయం. ఆ ఏడు నాలుగో పొర కూడా పడింది.

ఆ వేసవిలోనే ఊరి పెద్ద ఓబులేసు తన పాత ధాన్యం మిద్దెలో బడి పెట్టించాడు. తిప్పయ్య అనే కుర్ర అయ్యవారు వచ్చాడు. ఇరవై ఇద్దరు పిల్లలు చేరారు. గౌస్‌బీ దగ్గర చదివే ఏడుగురు మాత్రం పోలేదు.

"ఏం గౌస్‌బీ, నీ పంచ కంటే నా మిద్దె తక్కువదా?" అన్నాడు ఓబులేసు.

"తక్కువది కాదన్నా, ఎక్కువది. మట్టి ఎక్కువైపోయినాది దానిమీద."

ఆమె పిల్లలకు పలక కంటే ముందు చేతులతో లెక్క నేర్పేది. ఆ రోజు గంపెడు ఎండు చౌడు తెప్పించి తక్కెడలో పెట్టించింది. పది వీశెలు తూగింది. అదే గంపను నీళ్లతో తడిపి మళ్లీ తూయించింది. పదమూడు తూగింది.

"ఓబులేసు మిద్దె మీద ఏడాదికి ఎన్ని గంపలు పోసినారో కూలోళ్లను అడిగి రాపో" అంది కూతురితో.

"రెండు నూర్లంట అమ్మా."

"నాలుగేండ్లకు?"

జైతూన్‌బీ పలక మీద వేసింది. ఎనిమిది వందల గంపలు, తడిస్తే గంపకు మూడు వీశెల బరువు ఎక్కువ, ఎనిమిది వీశెలకు ఒక మణుగు. "రెండు వేల నాలుగు నూర్ల వీశెలు. అంటే... మూడు నూర్ల మణుగులు."

చెప్పి, తల ఎత్తి ఓబులేసు మిద్దె ఉన్న దిక్కుకు చూసింది. ఎండకు బీటలిచ్చిన చౌడు నీళ్లు ఆపదు, తాగుతుంది. ఆ మిద్దె దూలాలకు చెదలున్నాయని గౌస్‌బీకి తెలుసు. కొడుకు చేత కర్రతో కొట్టించి చూసింది, డొల్ల చప్పుడొచ్చింది.

వాన పడితే బడి మిద్దె కూలుతుందని రచ్చకట్ట దగ్గరికి పోయి చెప్పింది. అప్పుడే ఊరివాళ్లు వాన కోసం కప్పను ఊరేగించి వచ్చారు.

"మేము వానకు మొక్కుతాంటే, ఈ యమ్మ వానకు బెదురుతాండాది" అన్నాడు ఓబులేసు. అందరూ నవ్వారు. "ఇంట్లో నువ్వు నేర్పేది లెక్కలా, అపశకునాలా?"

"గీకించన్నా. నా పిల్లోల్లతో నేనే గీకిస్తా."

"బడి ఇన్‌స్పెక్టరు వచ్చిపోనీ. అంతవరకు నా మిద్దె మీదికి ఎవరూ ఎక్కొద్దు."

ఉత్తర కార్తెలో ఒక మధ్యాహ్నం పడమర నల్లబడింది. గాలి ఆగిపోయింది. ఊరు ఊరంతా వీధిలోకొచ్చి చేతులు చాచి నిలబడింది. గౌస్‌బీ మాత్రం మొదటి చినుకు పడగానే కూతురి చెయ్యి పట్టుకుని బడికి పరుగెత్తింది, మిగతా పిల్లలూ వెంట వచ్చారు.

"అయ్యవారూ, పిల్లోల్లను బయటికి తోలప్పా!"

"ఎట్లమ్మా? ఇన్‌స్పెక్టరుగారు ఈ పొద్దే వస్తాండారు. బడి ఖాళీగా ఉంటే నా ఉద్యోగం..."

జైతూన్‌బీ ఆనాటి లెక్క చెరపకుండా దాచిన పలక చేతికిచ్చింది. తిప్పయ్య లెక్క చదివాడు. మళ్లీ చదివాడు. తప్పు కనబడలేదు. బయట వాన దంచికొడుతోంది. అప్పుడే నాలుగో తరగతి పిల్ల రామలక్ష్మి పుస్తకం మీద బురద చుక్క పడింది. ఇంకొకటి పడింది. పైన ఏదో నెమ్మదిగా కిర్రుమంది.

"లేవండి" అన్నాడు తిప్పయ్య. ఎవరూ కదల్లేదు. ఈసారి అరిచాడు. "లేవండి, పలకలు వదిలేయండి!"

వాకిట్లో ఓబులేసు అడ్డం నిలబడ్డాడు. "యాడికి పోతాండారు? నా పరువు తీస్తారా?"

గౌస్‌బీ భుజంతో అతన్ని పక్కకు తోసింది. పిల్లలు ఇద్దరిద్దరుగా ఆమె చేయి కిందుగా వీధిలోకొచ్చారు. ఆమె లెక్కపెట్టుకుంది. ఇరవై రెండు. చివర తిప్పయ్య.

మెరుపు లేదు, ఉరుము లేదు. పెద్ద నిట్టూర్పులాంటి చప్పుడొకటి వచ్చింది. ధాన్యం మిద్దె నడుము విరిగి లోపలికి కూర్చుంది. వాకిట్లోంచి ఎర్రటి దుమ్ము వానలోకి ఎగదన్నింది.

ఓబులేసు తలపాగా తీసి చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. "గౌస్‌బీ..." అన్నాడు.

ఆమె అతని వంక చూడలేదు. వీధి పొడుగునా చూస్తోంది. ఇరుపక్కలా మిద్దెలే. ప్రతి మిద్దె మీదా నాలుగు పొరల చౌడు. వాన ఇంకా ఎక్కువవుతోంది. ఇళ్లలో ముసలివాళ్లున్నారు, ఉయ్యాలల్లో పసిపిల్లలున్నారు.

"జైతూనా, ఆ పక్క నువ్వు. నూరూ, ఈ పక్క నువ్వు. మిగిలినోళ్లు తలా ఒక ఇల్లు. దూలాన్ని కొట్టండి, డొల్లగా పలికితే మనుషుల్ని బయటికి లాక్కురాండి."

ఏడుగురు పిల్లలు కర్రలు పట్టుకుని వానలో చీలిపోయారు. బడి పిల్లలు కూడా వాళ్ల వెనక పరుగెత్తారు. గౌస్‌బీ మొదటి తలుపు మీద గుద్దుతుండగా, వీధి చివర ఇంకో మిద్దె కిర్రుమంది.