నా చీటీలో వచ్చిన ఆవిడ

స్త్రీల ఆదివారానికి నెల ముందు, కూడిక అయిపోయాక, పాస్టరు అయ్యగారి భార్య ఒక బిస్కెట్ల డబ్బాలో చీటీలు వేసి తెచ్చారు. మా చర్చిలో ఆవిడని అందరూ అమ్మగారు అనే పిలుస్తారు. ఈసారి పాటల పోటీలు వద్దని, తొలినాటి సంఘంలో ఉన్న స్త్రీల గురించి ఒక్కొక్కరూ ఒక్కొక్క కథ చెప్పాలని, ఎవరికి ఎవరు వస్తారో చీటీయే తేల్చాలని ఆవిడ అన్నారు.

మొదటి చీటీ మా పక్కింటి దొడ్డమ్మ తీసింది. విధవరాళ్లకు బట్టలు కుట్టిపెట్టి, చనిపోయి, ప్రార్థనతో మళ్లీ లేచిన ఆవిడ వచ్చింది. దొడ్డమ్మ కూడా విధవరాలే. మిషను కుట్టి బతుకుతుంది.

"చూసేరా అండీ, నా మిషను సంగతి పైన కూడా తెలుసు" అంది.

"ఆవిడ చచ్చి బతికి మరీ కుట్టిందండి. మీరు బతికుండగానే ఇవ్వట్లేదు. నా జాకెట్టు ఇచ్చి రెండు నెలలయింది" అని వెనక నుంచి ఎవరో అన్నారు. అందరూ నవ్వారు. దొడ్డమ్మ అందరికంటే ఎక్కువ నవ్వింది.

మా అమ్మకి ఊదారంగు బట్టలమ్మే ఆవిడ వచ్చింది. నది ఒడ్డున ఆడవాళ్ల మధ్య కూర్చుని వాక్యం విని, తన ఇంటి తలుపు తెరిచిన ఆవిడ. తర్వాత నా వంతు. మడత విప్పి పేరు చూశాను. ఈ రాతలో ఎవరి పేర్లూ రాయకూడదనుకున్నాను కాబట్టి ఆవిడ పేరు కూడా రాయను. చర్చికి వెళ్లేవాళ్లందరికీ తెలిసిన కథే. భార్యాభర్తలు సంఘానికి ఇవ్వడానికి పొలం అమ్ముతారు. కొంత దాచుకుని, మొత్తం తెచ్చేశామని చెప్పి మిగతాది ఏసు శిష్యులైన అపొస్తలుల కాళ్ల దగ్గర పెడతారు. ముందు భర్త వచ్చి అబద్ధం చెప్పి కూలిపోతాడు. మూడు గంటల తర్వాత, జరిగింది తెలియక, భార్య వస్తుంది. ఇంతకే అమ్మారా అని ఆవిడని అడుగుతారు. అవునంటుంది. ఆవిడా అక్కడే కూలిపోతుంది.

"ఆవిడ గురించేం చెప్తుందండీ, పాపం పిల్ల. మార్చేయండి" అన్నారొకరు.

"నాది తీసుకోవే" అంది అమ్మ. అప్పటికే తన చీటీ నా చేతిలో పెడుతోంది.

అమ్మగారు ఒప్పుకోలేదు. "చీటీ చీటీయే. మంచివాళ్ల దగ్గరే నేర్చుకోవాలని ఉందా ఎక్కడైనా?"

నేను నలుగురిలో నోరు విప్పలేను. డిగ్రీలో సెమినారు చెప్పాల్సిన రోజున నిజంగానే జ్వరం తెచ్చుకున్న మనిషిని. కానీ ఆ సాయంత్రం భయం మాట్లాడాల్సి వచ్చినందుకు కాదు. పది రోజుల ముందు మా వంటింట్లో జరిగిన దానికి.

మా ఊరు అల్లవరం దాటాక సముద్రం వైపు ఉంటుంది. మా ఎకరన్నర వరిచేను మూడేళ్ల కిందట రొయ్యల చెరువయింది. చుట్టూ అందరివీ అయ్యాయి, మాదీ అయింది. చెరువులో నీళ్లు మార్చాలంటే పాత ఉప్పునీళ్లు ఎక్కడికో పంపాలి. మొదట్లో నాన్న పైపు వేసి, అవతలి మురుగు కాలువలోకి తోడించేవాడు. ఆ పైపు వేరేవాళ్ల గట్టు మీదుగా వెళ్లేది. ఈ ఏడు వాళ్లు పైపు వేసుకోనివ్వలేదు. ఇక మిగిలింది చెరువుకి ఈ పక్క తూము. దాని పలక ఎత్తితే నీళ్లు బోదెలో పడతాయి. ఆ చిన్న పంటకాలువ దొడ్డమ్మ దొడ్డి వెంబడే పోతుంది. ఆ దొడ్డిలో ఆవిడకి పదకొండు కొబ్బరిచెట్లు, ఒక నుయ్యి.

ఒక ఆదివారం చర్చిలో తలనొప్పి వచ్చి నేను మధ్యలో ఇంటికొచ్చేశాను. నాన్న గట్టు మీద ఉన్నాడు. పలక ఎత్తి ఉంది. బోదె నిండా నురగ కట్టిన నీళ్లు పోతున్నాయి. నన్ను చూసి, "టాబ్లెట్ వేసుకుని పడుకో" అన్నాడు. నేను అలాగే చేశాను. లేచాక డైరీలో రాసుకున్నాను. తర్వాత ఇంకో రెండు ఆదివారాలు చర్చి నుంచి రాగానే బోదె చూశాను. రెండుసార్లూ గడ్డి తడిసి వాలిపోయి ఉంది. అవీ రాసుకున్నాను. ఊరంతా చర్చిలోనో ఇళ్లలోనో ఉండే ఆ రెండు గంటలు నాన్న ఎంచుకున్నాడని అర్థమైంది. ఎవరితోనూ అనలేదు.

చీటీలకి పది రోజుల ముందు సంగతి ఇది. దొడ్డమ్మ గిన్నె ఒకటి పట్టుకుని మా వంటింటి గుమ్మంలోకి వచ్చింది. గిన్నెలో కందిపప్పు.

"చూడవే, పొద్దుట్నుంచీ ఉడుకుతోంది. పలుకు పలుకులాగే ఉంది. టీ పెడితే విరిగిపోతోంది. చెట్ల కింద పిందెలు రాలిపోతన్నాయి. మా నూతిలో ఉప్పు దిగిందే" అంది.

"ఎండలు కదక్కా" అంది అమ్మ.

"ఎండలు కొత్తగా వచ్చేయా? సూటిగా అడుగుతున్నాను, ఏవనుకోకు. మీ ఆయన బోదెలోకి వదుల్తున్నాడా?"

అమ్మ పొయ్యి మంట తగ్గించింది. "లేదక్కా. మురుక్కాలవలోకే. అటు పక్క పెద్ద చెరువులవాళ్లు వదుల్తున్నారేమో."

దొడ్డమ్మ కాసేపు అమ్మని చూసి, గుమ్మం పక్కన కొబ్బరి తురుముతున్న నా వైపు తిరిగింది. "అంతేనేటే?"

"ఆయ్" అన్నాను.

అవునని ఆ ఒక్క మాటే. దొడ్డమ్మ నిట్టూర్చి, "సర్లే, మీరు చెప్పేరు కదా. గ్రామ సచివాలయంలో కాయితం పెడదామనుకున్నాను, ముందు మిమ్మల్నడగాలి కదా అని వచ్చేను" అంది. అమ్మ ఆ పప్పుని మా ఫిల్టరు నీళ్లతో కుక్కర్‌లో పెట్టి ఉడికించి ఇచ్చింది. ఆ మర్నాటి నుంచి దొడ్డమ్మ ఫిల్టరు నీళ్ల టిన్ను సైకిలు మీద పెట్టుకుని మా ఇంటి ముందు నుంచే నడిపించుకుంటూ వెళ్లేది. ఆవిడకి మోకాళ్ల నొప్పులు.

అందుకే చీటీలో ఆ పేరు చూడగానే దేవుడు నన్నే పట్టుకున్నాడనుకున్నాను. తర్వాత ఆ కథని మళ్లీ మళ్లీ చదివాను. చదివినకొద్దీ వేరే బాధ మొదలైంది. ఆవిడ లోపలికి వచ్చేసరికి అక్కడున్నవాళ్లందరికీ తెలుసు, ఆవిడ భర్త చనిపోయాడని. మట్టి కూడా చేసి వచ్చారు. ఒక్కరూ చెప్పలేదు. చెప్పకుండా ప్రశ్న అడిగారు. ఇది న్యాయమేనా అని నాకనిపించింది. ఒక రోజు మధ్యాహ్నం ధైర్యం చేసి అమ్మగారింటికి వెళ్లి అదే అడిగాను.

అమ్మగారు బియ్యం ఏరుతున్నారు. ఒక రాయి ఏరి పక్కన పడేశారు.

"చెప్పేస్తే ఏమయ్యేదమ్మా? ఏడ్చేది. భయపడి నిజం చెప్పేసేది. అది ఆవిడ మాటవుతుందా?" అన్నారు. "ఆవిడని వేరేగా అడిగేరు చూడు, అదే నాకెప్పుడూ ఆశ్చర్యం. ఆ రోజుల్లో పొలం సంగతి ఆడదాన్ని ఎవరడుగుతారు? మీ ఆయన చెప్పేడు కదా, చాల్లే అనలేదు. నీ మాటేంటని అడిగేరు."

"అయినా అదే చెప్పిందండి."

"అదే చెప్పింది" అన్నారు అమ్మగారు. చేట కింద పెట్టారు. "నాకూ భయమేనమ్మా ఆ కథంటే. అందుకే నేను ఎప్పుడూ చెప్పలేదు. నీకెందుకు వచ్చిందో నీకే తెలియాలి."

ఇంటికొచ్చి డైరీ తీశాను. మూడు ఆదివారాలూ నా అక్షరాల్లోనే ఉన్నాయి. నిజాన్ని పెట్టె అడుగున, బట్టల కింద దాచుకుని, బయట మనుషులకి ఆయ్ అంటూ తిరుగుతున్నాను. కథలో ఆవిడ దాచుకున్నది వేరు, నేను దాచుకున్నది వేరు. అంతే తేడా.

స్త్రీల ఆదివారానికి అందరం తెల్లచీరలు కట్టుకోవాలి. నా జాకెట్టు కొలతలకి దొడ్డమ్మ ఇంటికి వెళ్లాను. టేపు నా భుజం మీద వేసి, "నీ కథ చెప్పు చూద్దాం. నోరు తిరిగితే భయం పోద్ది" అంది.

చెప్పాను. ఆవిడ వెనక నిలబడి కొలుస్తోంది కాబట్టి చెప్పగలిగాను. మూడు గంటల తర్వాత తెలియక లోపలికి వచ్చిందనే దగ్గర టేపు ఆగింది.

"పాపం, దారిలో కూడా ఎవరూ చెప్పలేదా?" అంది దొడ్డమ్మ.

"చెప్పలేదండి. వేరేగా అడిగేరు."

టేపు నా చేతి చుట్టూ తిప్పింది. మామూలు గొంతుతోనే అంది. "నేను ఆ రోజు మీ అమ్మ ముందు అడిగేను నిన్ను. అది నాదే తప్పు. ఇప్పుడెవరూ లేరు. వదుల్తున్నారా?"

ఎదురుగా గోడకి దారం ఉండలు వేలాడుతున్నాయి. వాటిని చూస్తూ, "ఆదివారాలండి" అన్నాను.

"ఎన్ని?"

"నేను చూసినవి మూడు."

"చర్చి టైములోనా?"

"ఆయ్."

ఆవిడ అరుస్తుందనుకున్నాను. టేపు చుట్టుకుంటూ స్టూలు మీద కూర్చుంది. "అయితే అందుకన్నమాట. ఆరాధన అయిపోయాక ఉండక్కా, నీ మోకాళ్ల గురించి ప్రార్థన చేద్దాం అని నన్ను కూచోబెట్టేది మీ అమ్మ. నా మోకాళ్ల మీద దీనికింత ప్రేమేంటా అనుకున్నాను."

అది నాకు అంతవరకూ తట్టలేదు. నేను చివరిదాకా చర్చిలో ఉన్న ఆ రెండు వారాలూ వాళ్లిద్దరూ చివరి బల్ల దగ్గర చేతులు పట్టుకుని కూర్చున్నారు. అమ్మ కళ్లు మూసుకుని, ఆవిడ మోకాళ్ల మీద చెయ్యి వేసి ప్రార్థన చేసింది. చూసి నేను గర్వపడ్డాను కూడా. నేను చెప్పింది నాన్న సంగతనుకున్నాను. అమ్మని పట్టిచ్చాను.

"రెండో చెయ్యి ఎత్తు" అంది దొడ్డమ్మ లేచి. మిగతా కొలతలన్నీ తీసుకుంది.

ఆ సాయంత్రం పెరట్లో అమ్మ అంట్లు తోముతుంటే పక్కన కూర్చుని చెప్పాను. అమ్మ తలెత్తలేదు.

"మీ నాన్న చెప్పమన్న మాట చెప్పేను. నేనేదో కోరి చెప్పేనా? ఈ పంట కూడా పోతే ఏంటి గతని ఆయన తల పట్టుకుంటే, కాదంటానా? నన్ను వేరేగా ఎవరడిగేరే, నీకేం కావాలని?"

"దొడ్డమ్మ అడిగింది కదమ్మా."

గిన్నె తోమడం ఆగిపోయింది. తర్వాత చాలా నెమ్మదిగా, "చర్చిలో అక్కని కూచోబెట్టింది అందుకే" అంది. "ప్రార్థన మాత్రం అబద్ధం కాదే. అక్క మోకాళ్లు తగ్గాలనే చేసేను."

ఆ మాట నేను నమ్ముతున్నాను. అదే నన్ను ఎక్కువ బాధపెడుతోంది. అబద్ధమూ ప్రార్థనా ఒకే మనిషిలో, ఒకే గంటలో, చేతులు పట్టుకుని కూర్చోగలవని నాకు ఏ ప్రసంగంలోనూ ఎవరూ చెప్పలేదు.

దొడ్డమ్మ సచివాలయానికి వెళ్లలేదు. మా ఇంటికీ రాలేదు. నీళ్ల టిన్నుతో చుట్టూ తిరిగి పంచాయితీ రోడ్డు మీదుగా వెళ్తోంది. శనివారం పొద్దున నా జాకెట్టు ఒక కవర్లో మా గేటుకి తగిలించి ఉంది. ఒక్క కుట్టు కూడా వంకర లేదు. లోపల కుట్టు విప్పుకోడానికి గుడ్డ వదిలి, హుక్సులన్నీ కుట్టి ఉన్నాయి.

ఆదివారం అమ్మ తెల్లచీర కట్టుకుంది. తన చీటీ పర్సులో పెట్టుకుంది. గేటు దగ్గర, "నువ్వు పద, వెనకాల వస్తాను" అంది. నాన్న అప్పటికే గట్టు మీద ఉన్నాడు.

అమ్మ రాలేదు. ఊదారంగు బట్టలావిడ కథ అమ్మగారే చెప్పేశారు. దొడ్డమ్మ తన కథ రెండు ముక్కల్లో ముగించి కూర్చుంది. ఆవిడ పక్కన అమ్మ కూర్చునే చోటు ఖాళీగా ఉంది. నన్ను పిలిచారు. ఏం మాట్లాడానో సగం గుర్తులేదు. నా కథలో ఆవిడ చెడ్డదని చెప్పడానికి రాలేదన్నాను. ఆవిడని కూడా ఒక మనిషిగా ఎంచి వేరుగా అడిగారని, విశ్వాసమంటే నాకు అర్థమైనంతలో, అలా అడిగినప్పుడు పక్కవాళ్ల మాట కాకుండా మన మాట చెప్పగలగడమని అన్నాను. నేనూ ఒకసారి అవునన్నానని, అది అబద్ధమని చెప్పాను. దేని గురించో చెప్పలేదు. దొడ్డమ్మ నన్ను కాక, పక్కన ఖాళీని చూస్తూ కూర్చుంది.

చివరి పాట అవకుండానే బయటపడి ఇంటికి నడిచాను. అమ్మ చెరువు దగ్గర ఉంది. తూము పలక మీద, తెల్లచీరతో, కాళ్లు బోదె వైపు వేలాడేసుకుని కూర్చుంది. చీర అంచంతా బురద. గట్టు ఆ చివర నాన్న మాకు వీపు పెట్టి నిలబడ్డాడు. బోదెలో నీళ్లు లేవు. గడ్డి పొడిగా ఉంది.

"చెప్పేవా?" అంది అమ్మ.

"చెప్పేను."

"మా అక్క వచ్చిందా?"

"వచ్చింది."

"ఏమైనా అందా?"

"లేదమ్మా."

అమ్మ తలూపింది. ఎండ నెత్తిన కొడుతోంది. నేను పక్కన కూర్చున్నాను. ఇద్దరం కూర్చుంటే ఆ పలక ఇరుకే. నూతిలో ఉప్పు తగ్గాలంటే గట్టి వర్షాలు రెండు మూడు పడాలని అంటారు. అది నిజమో కాదో నాకు తెలియదు.

"వచ్చే ఆదివారం కూడా ఇక్కడే కూర్చుంటావా?" అని అడిగాను.

అమ్మ నాన్న వైపు చూసింది. "నీళ్లు ఎప్పుడో అప్పుడు మార్చాలి కదే" అంది. కానీ లేవలేదు.