మల్లేశయ్య హద్దురాళ్ళు

మా ఇబ్రహీంపట్నం మల్లేశయ్య వెంచర్లలో హద్దురాళ్ళు పాతుతాడు. ఔటర్ రింగు రోడ్డు వచ్చాక నాదర్‌గుల్ నుంచి కోహెడ దాకా చేలన్నీ ప్లాట్లయ్యాయి. వాటిలో సగం రాళ్ళు ఆయన చేతివే. సున్నం పూసిన రాయి పడితే చాలు, కొన్నవాడు దాని పక్కన నిలబడి ఫోటో దిగి మురిసిపోతాడు. ఇల్లు కట్టేదెప్పుడో దేవుడికెరుక. అక్కడ సర్కారు తుమ్మలు మొలుస్తాయి.

ఆయన కూతురు సునందకు చిన్నప్పుడే షుగరు వచ్చింది. ఇన్సులిన్ సూది లేనిదే పూట గడవదు. నగరంలో ఒక దవాఖానవాళ్ళు, చనిపోయిన మనిషి క్లోమంలోంచి ఇన్సులిన్ తయారుచేసే కణాలు తీసి ఆమె కాలేయంలోకి ఎక్కించారు. స్కానింగులో కనబడాలని వాటికి ముందే ఇనుము కలిపిన మందు పట్టించారు. ఎమ్మారై, పెట్ స్కాన్ రెండూ తీసి, ఏది నమ్మదగిందో పోల్చి చూడాలని డాక్టర్ల ఉద్దేశం. మొదటిది కణాలు ఎక్కడున్నాయో చూపిస్తుంది, రెండోది బతికున్నాయో లేదో చెబుతుంది.

ఎమ్మారైలో కాలేయం నిండా నల్లచుక్కలు కనబడ్డాయి. రెండోది అయ్యేదాకా సూది మానొద్దని డాక్టరమ్మ మరీ మరీ చెప్పింది. మల్లేశయ్య వింటేగా. ఫిల్మును కిటికీ వెలుగుకు పెట్టి వెంచర్ నక్షా చూసినట్టు చూశాడు.

"హద్దులు పడ్డయి బిడ్డా. ఇగ ఫికర్ లేదు," అన్నాడు.

బోనాలు వచ్చాయి. సునంద మైసమ్మకు బోనమెత్తింది. తండ్రి తన చేత్తో బెల్లమన్నం తినిపించాడు, ఆ వారమంతా సూది డబ్బా ముట్టనివ్వలేదు. అమ్మవారు చల్లగా చూసిందని గల్లీలో అందరికీ చెప్పుకున్నాడు. ఆ మొండితనం తలచుకుంటే నాకు ఒళ్ళు మండుతుంది. ఆ మురిపెం తలచుకుంటే ఏడుపొస్తుంది. పండుగ సందడి తగ్గకముందే పిల్ల వాంతులు చేసుకుని, ఎగశ్వాస పెట్టి, స్పృహ తప్పింది.

ప్రాణమైతే దక్కింది. తేరుకున్నాక పెట్ స్కాన్ తీశారు. బతికున్న కణాల జాడే లేదు. అవి ఎప్పుడో చచ్చిపోయాయనీ, వాటి ఇనుము మాత్రం మిగిలి ఎమ్మారైలో నల్లగా కనబడిందనీ డాక్టరమ్మ చెప్పింది. ఏ స్కాను నమ్మాలో వాళ్ళకు తెలిసిపోయింది.

మల్లేశయ్యకు మాత్రం తలకెక్కలేదు. చుక్కలున్నాయి కదా అని అడిగిందే అడిగాడు. చివరికి మంచం మీది సునందే చెప్పింది.

"రాళ్ళే ఉన్నయి బాపు. ఇండ్లు లేవు."

ఆయన నర్సు చేతిలోని సూది తానే అందుకున్నాడు. రాళ్ళు పాతి పాతి కాయలు కాసిన వేళ్ళకు ఆ సన్నటి సూది పట్టు దొరకలేదు. సునంద సూది లాక్కుని తనే పొడుచుకుంది.