పసుపు ఎర్రబడని గోడ

మేస్త్రి బకెట్ మూత తీయడం నేను ఒక్కసారి కూడా చూడలేదు. నా అనుమానం అక్కడే మొదలైంది.

లాల్‌దర్వాజాలో మా ఇంటి ముందుగదిలో ఒక గోడ అమ్మది. ఏటా బోనాలకు ముందు దానికి సున్నం కొట్టేవాళ్లం. ఆ పచ్చి సున్నం మీద అమ్మ పసుపు ముద్దతో అమ్మవారి గుండ్రం దిద్దేది. చూస్తుండగానే పసుపు ఎర్రబడేది. "వచ్చింది తల్లి" అని అమ్మ దండం పెట్టుకునేది. దిష్టి నీళ్లు ఎర్రబడేదీ ఈ సున్నం వల్లేనని ఆమెకూ తెలుసు. గోడ మీద ఎర్రబడడం మాత్రం ఆమెకు వేరే లెక్క.

ఈ ఏడు ఆ గోడకు అద్దంలా మెరిసే సున్నపు పూత వేయిద్దామన్నది నేనే. పక్కింటి స్నానాల గది చెమ్మ ఇటు దిగి గోడ పెచ్చులూడుతోంది. సున్నమైతే చెమ్మను బయటికి వదులుతుంది. ప్లాస్టర్ ఆఫ్ పారిస్ అయితే తాగి ఉబ్బుతుంది. ఇదంతా మేస్త్రికి చెప్పాను. పండుగలోపు అయిపోవాలనీ చెప్పాను.

"అసలు సున్నమే అన్నా, ఫికర్ చెయ్యకు" అన్నాడు.

పని మొదలయ్యాక నాకు కుదరనివి పోగయ్యాయి. తడి సున్నం వాసన లేదు. తొడుగులు లేకపోయినా అతని వేళ్లు పగల్లేదు. పొద్దున పూసింది మధ్యాహ్నానికే గోరుకు గట్టిగా తగిలింది. సున్నం అంత తొందరపడదు. పైగా కలిపేటప్పుడు తలుపు దగ్గరికి వేసుకునేవాడు.

"ఎందుకన్నా మూసుడు?"

"గాలి తగిల్తే ఖరాబైతది."

"మరి గోడకు తగుల్తలేదా గాలి?"

"ఇంజనీర్ సాబ్, నువ్వే పట్టు తాపీ. నేను కుర్చీల కూసుంట."

అమ్మ వంటింట్లోంచి నవ్వింది. "పనోన్ని పని చేసుకోనియ్యిరా. పోలీసోని లెక్క ఎనక నిలబడ్తవేంది?"

తాపీతో రుద్ది మైనం పట్టించాక గోడలో ఎదురు కిటికీ కనిపించింది. పసుపు పట్టాలని అమ్మవారి జాగా ఒక్కటి మైనం లేకుండా వదిలేయించాను. ఇరుగుపొరుగు వచ్చి మస్తుందన్నారు. నాకు ఆ మెరుపు మీదే ఎక్కువ అనుమానం.

పండుగ ముందురోజు మేస్త్రి మూలలు సరిచేస్తుండగా అమ్మ పసుపు దిద్దింది. పచ్చగానే ఉంది. తడి చేసి మళ్లీ దిద్దింది. అయినా పచ్చగానే ఉంది.

"తల్లి రాలేదురా" అంది.

నేను గోడను కాదు, మేస్త్రిని చూస్తున్నాను. అతను శుభ్రంగా ఉన్న తాపీనే తుడుస్తున్నాడు.

"సున్నమేనా అన్నా?"

"కింది పూత సున్నమే. మీదిది ప్లాస్టర్... పండుగలోపల కావాలంటివి. సున్నం ఆరాల్నంటే ఎన్నొద్దులు పడ్తదో సదువుకున్నోనివి, నీకు ఎర్కలేదా?"

"గా మాట మొదలే చెప్పాలె గదా!"

"లొల్లి తర్వాత పెట్టుకోండ్రి" అంది అమ్మ. "ముందు గీ జాగ గీకుండ్రి."

మేస్త్రి తాపీ అంచుతో గీకాడు. పై పొర పెళుసుగా రాలింది. కింద గరుకుగా, తెల్లగా ఇంకో పూత కనిపించింది. దాని మీద అమ్మ పసుపు దిద్దింది. ముగ్గురం గోడ దగ్గరికి వంగాం. అంచుల నుంచి మొదలై గుండ్రమంతా ఎర్రబడింది.

అమ్మ దండం పెట్టింది. ఆమె కంటే ముందే మేస్త్రి పెట్టాడు.

ఇప్పుడు మెరిసే గోడ మధ్య పళ్లెమంత గరుకు జాగా ఉంది. వచ్చినవాళ్లు దానికి మొక్కుతారు. కింద సున్నం గోడంతా ఉందో, ఆ పళ్లెమంత మేరే ఉందో నాకింకా తెలియదు. వాన పడిన పొద్దున, అమ్మ చూడకుండా, ఆ మెరుపు ఎక్కడైనా ఉబ్బిందేమోనని బొటనవేలి గోరు నొక్కి చూస్తుంటాను.