మణివాణి పలికిన గోత్రం

మణిశంకర్‌గారికి కోపం ముక్కు మీదే ఉంటుంది, గర్వం మాత్రం విజిటింగ్ కార్డు మీద ఉంటుంది. రాజమండ్రి దగ్గర ఒక ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీలో కంప్యూటర్ లెక్చరరు. కార్డు మీద ఆ ఉద్యోగం చిన్న అక్షరాల్లోనూ, ‘మణివాణి సృష్టికర్త’ అన్నది పెద్ద అక్షరాల్లోనూ ఉంటాయి.

మణివాణి అంటే ఆయన రాసిన ఓపెన్ సోర్స్ లైబ్రరీ. తెలుగులో పేరు టైపు చేస్తే పైకి చదివి వినిపించే కోడు. ఎవరైనా ఉచితంగా తీసుకుని తమ ప్రోగ్రాముల్లో కలుపుకోవచ్చు, లోపల ఏముందో విప్పి చూడొచ్చు. చాలామంది కలుపుకున్నారు. ఎవరో ఒకరు చూసే ఉంటారులే అనుకుని ఒక్కడూ విప్పి చూడలేదు. “ఇంతమంది వాడుతున్నారంటే ఇంతమంది పరీక్షించినట్టేగా!” అని ఈయన మీసం దువ్వేవాడు. ఆహా, ఏం లాజిక్కండీ!

ఆయన తండ్రి సూర్యనారాయణమూర్తిగారు ద్రాక్షారామం దారిలో ఒక చిన్న శివాలయంలో అర్చకులు. కార్తీకమాసం వస్తే ఊపిరి తీసుకునే తీరిక ఉండదు. అందుకని కొడుకు ఒక ఏర్పాటు చేశాడు. భక్తులు ఎక్కడినుంచైనా వెబ్‌సైటులో గోత్రం, పేరు రాస్తారు. మణివాణి వాటిని మైకులో చదువుతుంది. గర్భగుడిలో పెద్దాయన విన్నది విన్నట్టు శివుడికి విన్నవిస్తారు. కమిటీవాళ్లు మురిసిపోయి, ఆఖరి సోమవారం మణిశంకర్‌కి సన్మానం అన్నారు. ఆ శాలువా ఫోటో కార్డు వెనకాల వేయించాలని ఆయన అప్పుడే నిర్ణయించేసుకున్నాడు.

ఈలోగా సహస్ర అడ్డం పడింది. ఆయన దగ్గరే చదువుకుని, ఇప్పుడు ప్రోగ్రాముల్లో కన్నాలు పట్టుకునే ఉద్యోగం చేస్తోంది. “సార్, మీ లైబ్రరీ పేరును వడకట్టకుండా నేరుగా వెబ్‌సైటును నడిపే సర్వర్‌కి ఆజ్ఞగా పంపుతోంది. పేరు పక్కన & గుర్తు పెట్టి ఏ ఆజ్ఞ రాసినా సర్వర్ అదీ చేసేస్తుంది. చెరిపెయ్యమంటే అన్నీ చెరిపేస్తుంది” అని లైబ్రరీ పేజీలోనే రాసింది. ఆయన జవాబు కూడా అక్కడే అందరికీ కనబడేలా పెట్టాడు: “ఇది లోపం కాదు. నాకు పని నేర్పకండి.” తా పట్టిన కుందేటికి మూడే కాళ్లు మరి!

వారం తిరక్కుండానే మండపేట రైస్‌మిల్లు ‘సత్తియ్య & సన్స్’ పేరున అభిషేకం పడింది. మైకు ‘సత్తియ్య’ అని, ఆ గుర్తు తర్వాతది పేరు కాదు ఆజ్ఞ అనుకుని ఊరుకుంది. ఆ సన్స్‌లో పెద్దవాడు సుకుమార్‌గారే ఆలయ కమిటీ ప్రెసిడెంటు.

“ఏంటండీ మణిశంకర్‌గారూ, పుణ్యమంతా మా నాన్నకేనా? మేం పనికిరామా?”

“మా కోడులో ఏం లేదండి. మీ బోర్డులోనే ఉంది తేడా. ఆ గుర్తు తీసేసి ‘మరియు’ అని రాసుకోండి.”

మిల్లు బోర్డు మార్చుకోమన్నాడు గానీ తన కోడు జోలికి మాత్రం వెళ్లలేదు మహానుభావుడు.

ఆఖరి సోమవారం వచ్చింది. ‘సత్తియ్య మరియు సన్స్’ అని మైకు ఖంగుమంది. సుకుమార్ ముఖం వికసించింది, శాలువా విప్పాడు. సన్మానం చూడ్డానికొచ్చిన సహస్ర జనంలోంచి లేచి నిలబడింది.

“సార్, సన్మానం చేయించుకోండి, కాదనను. ముందు ఆ కన్నం పూడ్చండి. ఇందరి పేర్లున్నాయి అందులో.”

జనం ముందు మాట పడేసరికి ఆయనకి ఒళ్లు మండింది. “దమ్ముంటే ఇప్పుడే ఈ మైకులోనే చేసి చూపించమ్మా!”

ఆ పిల్ల ప్రెసిడెంటుగారి వైపు తిరిగింది. “చెయ్యమంటారా అండీ? దేన్నీ చెరపను.”

“కానియ్యమ్మా” అన్నాడు సుకుమార్. బోర్డు సంగతి ఇంకా మర్చిపోలేదు పాపం.

సహస్ర ఫోనులో గుడి వెబ్‌సైటు తెరిచి తన పేరు, ఆ గుర్తు, దాని పక్కన లైబ్రరీ పేజీలో ఉన్న ఆయన జవాబును చదవమని ఒక ఆజ్ఞ రాసింది. మైకు గంగిరెద్దులా తలూపింది.

“సహస్ర... ఇది లోపం కాదు... నాకు పని నేర్పకండి... మణిశంకర్.”

జనానికి నవ్వడానికి క్షణం పట్టింది. ఆలోగా గర్భగుడిలోంచి గంట మోతతో పాటు పెద్దాయన కంచుకంఠం వినిపించింది.

“ఇది లోపం కాదు గోత్రోద్భవస్య... నాకు పని నేర్పకండి నామధేయస్య...”

ఇక చూస్కోండి! మండపం గొల్లుమంది. సుకుమార్‌కి నవ్వాగక శాలువా చేతిలోంచి జారిపోయింది. మణిశంకర్ తలెత్తలేకపోయాడు.

పూజ ముగించి, చెమట తుడుచుకుంటూ పెద్దాయన బయటికొచ్చారు.

“ఒరేయ్ శంకరం, ఆఖర్న ఎవర్రా ఆ భక్తుడు? గోత్రం కొత్తగా ఉందే?”

“నేనే నాన్నగారూ.”

విషయమంతా విని ఆయన కొడుకును ఎగాదిగా చూశారు.

“చెప్పింది చెప్పినట్టు అనడమే నా పని, నలభయ్యేళ్లుగా అలవాటైపోయింది. ఏం విన్నా ఆ శివుడు సర్దుకుంటాడని నా ధైర్యం. మరి నీ సర్వర్ వెనకాల ఎవరున్నార్రా?”