నిప్పులాయన వండిన తెల్లచేప

హోటల్లో గ్రిల్ ముందు ఇరవై ఏడేళ్లు నిలబడ్డాడు కాబట్టి వీధంతా ఆయన్ని నిప్పులాయన అనేది. చేప కాలిందో లేదో ఆయన చూసేవాడు కాదు. అటు తిరిగి ఉల్లిపాయలు తరుగుతూనే వాసన పట్టి, సరిగ్గా వేళకు వచ్చి ముక్క తిప్పేవాడు.

పోయిన ఏడాది వచ్చిన జ్వరం పోతూ పోతూ ఆ వాసనను పట్టుకుపోయింది. నాలుకకు ఉప్పూ పులుపూ తెలుస్తున్నాయి, అంతే. నాలుగు నెలలు ఎవరికీ చెప్పకుండా కంటితోనే నెట్టుకొచ్చాడు. ఒక మధ్యాహ్నం చెడిపోయిన చేప ఆయన చేతిమీదుగా బల్ల మీదికి వెళ్లింది. యజమాని కేకలేయలేదు. "ఇక ఇంటిపట్టున ఉండండి" అన్నాడు. ఆ మర్యాదే ఆయన్ను కోసేసింది.

పని పోయిందని ఇంట్లో చెప్పాడు గానీ ఎందుకు పోయిందో చెప్పలేదు.

ఒక ఆదివారం కూతురు వస్తే తానే వండుతానన్నాడు. మొప్పలు ఎర్రగా ఉన్న తెల్లచేపను ఏరి తెచ్చాడు. ముక్కల తడిని గుడ్డతో అద్ది, గాట్లు పెట్టి, ఉప్పు, మిరియాల పొడి, దంచిన వెల్లుల్లి, నూనె కలిపి పట్టించాడు. నిమ్మరసం మాత్రం చివర్లో పిండాడు, ముందే పిండితే కండ చెదిరిపోతుందని. పెరట్లో బొగ్గులు బూడిద కట్టాక గ్రిల్ మీద ముక్కలు పరిచాడు. అంచులు తెల్లబడగానే ఒక్కసారే తిప్పాడు. చారలు చక్కగా పడ్డాయి.

భార్య మాట్లాడకుండా తింటోంది. కూతురు ఒక్క ముక్క నోట్లో పెట్టుకుని కుళాయి దగ్గరికి లేచి వెళ్లింది.

"నూనె మక్కిపోయింది నాన్నా. వాసన చూసుకోలేదా?"

భార్య పళ్లెం వైపు చూశాడాయన. ముల్లు తప్ప ఏమీ మిగల్లేదు.

"నీకు తెలియలేదా?"

"తెలిసింది."

"మరి చెప్పొచ్చుగా."

"ఏం చెప్పమంటారు? జ్వరం తగ్గిన వారానికే నాకు తెలుసు. పాలు మాడిపోతుంటే పక్కనే కూర్చుని పేపరు చదువుకున్నారు. మీరే చెబుతారని చూస్తున్నా."

ఆయన మిగిలిన ముక్కలు పారబోసి, గ్రిల్ తోమి అటకెక్కించాడు. మళ్లీ దించలేదు.

ఇప్పుడు చేపల బజారులో పొలుసు గీకుతున్నాడు. ఎలా వండాలని అడిగినవాళ్లకు ఓపిగ్గా చెబుతాడు. డాక్టరు చెప్పినట్టు రోజూ పొద్దున తలుపు వేసుకుని లవంగం నలిపి ముక్కు దగ్గర పెట్టుకుంటాడు. వాసన పోయి ఏడాది దాటింది. ఆయన బయటికి వచ్చాక భార్య మొహం చూస్తుంది, ఏమీ అడగదు.